డీలర్ల పేర ఒక బిళ్ళ

పదకొండు గంటలకు క్రాప్స్ అనే పాచికల ఆట బల్ల మీద కప్పిన దుప్పటి తీస్తారు. పదకొండూ ఐదుకు ఎమెట్ ప్రూయిట్ వస్తాడు. వారానికి నాలుగు రోజులు, పన్నెండేళ్ళుగా ఇదే వరస. రీనోలో ఏ క్యాసినోలోనూ గోడ గడియారం ఉండదు. వర్జీనియా వీధిలోని ఆ చిన్న క్యాసినోకు మాత్రం అక్కర్లేదు, ముసలాయన ఉన్నాడుగా అని డీలర్లు నవ్వుకునేవారు. డెబ్బై ఆరేళ్ళ మనిషి. రైళ్ళలో గార్డుగా చేసి రిటైరయ్యాడు. ఇప్పటికీ నిటారుగా నడుస్తాడు, టోపీ తియ్యడు. కూతురు ఆర్లీన్ పక్క ఊరు స్పార్క్స్ నుంచి కారులో తెచ్చి దింపి, మూడింటికి వచ్చి తీసుకుపోతుంది.

ఆ నాలుగు గంటలే ఆయన సొంతం. మిగతా రోజంతా కూతురింట్లో టీవీ ముందు కుర్చీ. ఆ కుర్చీ అంటే ఆయనకు ఒళ్ళుమంట. ఆర్లీన్ దగ్గర ఒక జాబితా ఉందని బల్ల దగ్గర చెప్పి నవ్వించేవాడు. ముందు కారు నడపడం మానిపించిందట, తర్వాత వేట, ఆ తర్వాత పెరట్లో కట్టెలు కొట్టడం. ఇక జాబితాలో మిగిలింది ఈ బల్ల ఒక్కటే, దీన్ని కొట్టేయడానికి పెన్సిలు చెక్కి పెట్టుకుని కూర్చుంది అనేవాడు. నవ్వుతూనే అనేవాడు గానీ, ఆ మాట అన్న ప్రతిసారీ ఆయన చెయ్యి బల్ల అంచును గట్టిగా పట్టుకునేది.

ఆయన ఆట పెద్దదేం కాదు. ఐదు ఎర్ర బిళ్ళలు బల్ల మీది పందెం గీత మీద పెడతాడు. ఎర్ర బిళ్ళ అంటే ఐదు డాలర్లు. పాచికలు విసిరే వంతు కొత్త చేతికి మారిన ప్రతిసారీ ఇంకో ఎర్ర బిళ్ళ బల్ల మధ్యకు విసిరి, "పిల్లలకి, జోడు నాలుగులు" అంటాడు. పిల్లలంటే డీలర్లు. వాళ్ళలో ఒకరికి మనవలున్నారు, అది వేరే సంగతి. రెండు పాచికల మీదా నాలుగు పడితే ఒకటికి తొమ్మిది వస్తుంది. ఈలోగా ఏడు పడినా, ఎనిమిది ఇంకో రకంగా పడినా బిళ్ళ పోతుంది. వస్తే డీలర్లది, పోతే క్యాసినోది. ఎటు తిరిగీ ఆయనది కాదు.

టిప్పు చేతిలో పెట్టడం వేరు, టిప్పును పందెం కాయడం వేరు. చేతిలో పెడితే పుచ్చుకుని థాంక్యూ అంటారు, అక్కడితో సరి. పందెం కాస్తే అలా సరిపోదు. పాచికలు ఎలా పడినా నాకేం అన్నట్టు నిలబడడానికే జీతం తీసుకునే డీలరు, ఆ బిళ్ళ పడిన క్షణం నుంచి పాచికల వంక ఆశగా చూస్తాడు. ఇచ్చినవాడూ పుచ్చుకునేవాడూ కాసేపు ఒకే గట్టున ఉంటారు. బహుశా ఎమెట్‌కు కావలసింది అదేనేమో. ఐదు డాలర్లకు అంతమంది తోడు ఇంకెక్కడ దొరుకుతుంది?

దీనికీ మర్యాదలున్నాయి. డీలరు టిప్పు అడగకూడదు, నోటితోనే కాదు, కనుబొమ్మతో కూడా. అడిగిన రోజే ఉద్యోగం పోతుంది. వద్దనీ అనకూడదు. అంత ఇచ్చాడా, ఇంతే ఇచ్చాడా అన్నది మొహంలో కనబడకూడదు. ఆ బల్ల దగ్గర కర్ర పట్టే నెల్డా ఎచెవెరీ ఈ మూడూ ఇరవై మూడేళ్ళుగా తు.చ. తప్పకుండా పాటించింది. యాభై నాలుగేళ్ళ మనిషి, గొర్రెల మందలున్న బాస్కు జాతివాళ్ళింటి కోడలు, మొగుడు పోయి ఏడేళ్ళు. పొడవాటి వంపు కర్రతో పాచికలను లాగి, పడిన అంకెను గొంతెత్తి చెప్పడం ఆమె పని. ఇరవై నిమిషాలు కర్ర, తర్వాత ఒక పక్క బిళ్ళల లావాదేవీ, తర్వాత రెండో పక్క, ఆ పైన విశ్రాంతి. నలుగురు డీలర్లు అలా తిరుగుతుంటారు. టిప్పులు నలుగురూ సమానంగా పంచుకుంటారు. బల్ల మధ్యన డబ్బు పెట్టె ముందు కుర్చీ వేసుకుని ఓర్విల్ అనే పై అధికారి అందరినీ కనిపెట్టి చూస్తుంటాడు.

పెట్రోలు కరువొచ్చి బంకుల దగ్గర బారులు తీరిన ఏడాది వేసవిలో, ఒక సోమవారం, ఎమెట్ విసిరిన బిళ్ళ నెల్డా ముందు పడింది. అది నల్లది. అంటే నూరు డాలర్లు.

నల్ల బిళ్ళ పడితే బిగ్గరగా చెప్పాలన్నది నియమమే, కానీ డీలర్ల పేర కాసిన పందేనికి ఎవరూ అంత పట్టించుకోరు. ముసలాయనకు ఏదో శుభవార్త వచ్చిందనుకుని ఆమె దాన్ని రెండు నాలుగుల బొమ్మ మీద పెట్టింది. మూడో విసురుకే జోడు నాలుగులు పడ్డాయి. తొమ్మిది వందలు, అసలుతో కలిపి వెయ్యి. ఓర్విల్ తల ఊపాడు, బిళ్ళలు చప్పుడు లేకుండా డీలర్ల డబ్బాలోకి వెళ్ళాయి. తలా రెండొందల యాభై, వారం జీతం కంటే ఎక్కువ. అప్పుడు ఎమెట్ టోపీ కాస్త పైకి నెట్టి, "తలా పన్నెండున్నర. పోయి వేడి వేడిగా ఏమైనా తినండి" అన్నాడు.

అందరూ నవ్వారు. డ్యూటీ దిగాక విశ్రాంతి గదిలో రస్ అనే కుర్ర డీలరు ఆ మాటను రెండుసార్లు అనుకరించి చూపించాడు. ముప్పై ఏళ్ళవాడు, చెయ్యి చురుకు, నోరు అంతకన్నా చురుకు. వెయ్యి ఇచ్చి యాభై అనడం గొప్పవాళ్ళ తమాషా అని తేల్చాడు. నెల్డా కూడా నవ్వింది. ఆ సాయంత్రమే కారుకు రెండు కొత్త టైర్లు వేయించుకుంది. పాతవాటిలో దారాలు బయటపడి మూడు నెలలైంది.

మంగళవారం ఆ తమాషా తేలిపోయింది. ఎమెట్ మళ్ళీ నల్లది విసిరాడు. పోయింది. ఇంకో చేతికి ఎర్రది, మరో చేతికి మళ్ళీ నల్లది. అదీ పోయింది. కాసేపయ్యాక ఆయన బల్ల అంచున బిళ్ళలు పేర్చుకునే గాడిని ఎడమ కొస నుంచి వేళ్ళతో తడుముకుంటూ వచ్చాడు. మళ్ళీ ఎడమకు వెళ్ళి, మళ్ళీ తడిమాడు. ఐదొందలు ఇచ్చి ఆట మొదలుపెడితే లెక్క తేలిగ్గా ఉంటుందని డీలర్లు ఆయనకు మూడు నల్లవి, నలభై ఎర్రవి ఇస్తారు. నల్లవి ఎడమ కొసన పెట్టుకుని, ముట్టుకోకుండా తిరిగి ఇంటికి తీసుకుపోవడం ఆయన పద్ధతి. ఇప్పుడక్కడ ఒకటే ఉంది. ఆయన రస్ వైపు వంగి, నేను ఈ రోజు ఐదొందలకు కొన్నానా, మూడొందలకు కొన్నానా అని మెల్లగా అడిగాడు. ఐదొందలే అన్నాడు రస్, ఆయన మొహంలోకి చూడకుండా.

కర్ర పట్టుకున్న నెల్డాకు అది వినిపించింది. అప్పుడు చూసింది ఆమె ఆయన్ని, పన్నెండేళ్ళలో మొదటిసారి చూసినట్టు. పాచికలు దొర్లుతుంటే ఆయన వాటి వంక చూడటం లేదు. తల వాల్చి చెవి ఆమె వైపు పెడుతున్నాడు. ఆమె అంకె చెప్పాకే చెయ్యి కదులుతోంది. కాఫీ కప్పు కోసం అంచు మీద వేళ్ళు నడిపించుకుంటూ వెళుతున్నాడు. ఎరుపూ నలుపూ ఆయనకు ఒకే చీకటిగా కనబడుతున్నాయి. క్యాసినోలో అన్ని ఆటలూ కళ్ళతో ఆడేవే. ఈ ఒక్క ఆటలోనే ప్రతిదీ ఎవరో ఒకరు పైకి చెబుతారు. ఎన్నాళ్ళ నుంచో ఈ మనిషి తన గొంతు పట్టుకుని ఆడుతున్నాడని ఆమెకు తెలిసింది. ఆ టైర్లు గుర్తొచ్చి ఒళ్ళు సిగ్గుతో ముడుచుకుపోయింది.

డ్యూటీ దిగాక విశ్రాంతి గదిలో సంగతి చెప్పింది. మిగతా ఇద్దరూ కాఫీ కప్పుల్లోకి తలలు దించుకున్నారు. రస్ మాత్రం ఊరుకోలేదు.

"మనం అడిగామా? లేదు. ఆయన చెయ్యి, ఆయన బిళ్ళ. టిప్పు ఎంతని డీలరు నోరు తెరవడం ఎక్కడైనా ఉందా?"

"ఆయనకి కనబడ్డం లేదురా."

"కనబడకపోతే ఆయనే చెప్పుకోవాలి. నువ్వు చెప్పావనుకో, ఓర్విల్ చెవిన పడుతుంది. తన పందెం తాను చూసుకోలేని మనిషిని బల్ల దగ్గర నిలబడనిస్తారా? సాయంత్రానికి కూతురికి ఫోను వెళుతుంది. ఆవిడ పెన్సిలు చెక్కుకుని కూర్చుందిగా. డబ్బు మిగిల్చి మనిషిని కుర్చీలో కూలేస్తావు. అదేనా నీ పుణ్యం?"

ఆ చివరి మాట ఆమెను కట్టి పడేసింది, ఎందుకంటే అది నిజం. రస్ దాన్ని తన లాభం కోసం అన్నాడని తెలుసు. లాభం కోసం అన్నంత మాత్రాన నిజం అబద్ధమైపోదు కదా. చెబితే ఆయన బల్ల పోతుంది, చెప్పకపోతే తాము పట్టపగలు ఆయన జేబు కొడుతున్నట్టు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఆ రాత్రి గొర్రె మాంసం కూర ముందు పెట్టుకుని, ముద్ద దిగక, చివరికి ఒక ఉపాయం ఆలోచించింది. పాము చావకూడదు, కర్ర విరగకూడదు.

బుధవారం మొదటి పావుగంటలోనే నల్లది వచ్చింది. నెల్డా దాన్ని బొమ్మ మీద పెట్టి, నియమం ప్రకారమే, గొంతెత్తి చెప్పింది. "నల్ల బిళ్ళ. నూరు డాలర్లు, డీలర్లకి, జోడు నాలుగుల మీద."

ఆయనకు వినబడుతుంది, అయ్యో పొరపాటు, ఎర్రది వేద్దామనుకున్నాను అని నవ్వేస్తాడు, బిళ్ళ వెనక్కి తీసుకుంటాడు, ఎవరికీ ఏమీ తెలియదు. ఆమె వేసిన లెక్క అది. మనుషులను ఇరవై మూడేళ్ళు బల్లకు అవతల నుంచి చూసిన ఆడది వేసుకోవలసిన లెక్కేనా? పదిమంది ముందు మగవాడి పొరపాటును చాటింపు వేస్తే నవ్వేస్తాడట!

ఎమెట్ చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత గడ్డం ఎత్తాడు.

"నాకు తెలుసు. నిన్నెవరైనా అడిగారా?"

బల్ల చుట్టూ ఈలలు వేశారు. ఫ్రెస్నో నుంచి వచ్చిన పసుపు చొక్కా ఆయన, టిప్పంటే అదీ, దొర చెయ్యి అని మెచ్చుకున్నాడు. ఆ మెప్పుతో ఇక వెనక్కి తిరగడానికి దారే లేకుండా పోయింది. ఆ నూరు పోయింది. కొత్త చేతికి పాచికలు రాగానే ఎమెట్ ఎడమ కొసన ఉన్న బిళ్ళను తీసి, ఈసారి తనే, "నూరు, పిల్లలకి" అని విసిరాడు. పోయింది. ఇంకో చేతికి ఇంకో నూరు, అదీ పోయింది. ఆ మూడొందలూ డీలర్లకూ దక్కలేదు, ఆయనకూ మిగల్లేదు. పన్నెండు కూడా కాకముందే మిగతా ఎర్రవాటిని దోసిట్లోకి తోడుకుని, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడు.

విశ్రాంతికి వెళుతూ నెల్డా క్యాసినోలోని కాఫీ హోటలు అద్దంలోంచి చూసింది. ఆయన టోపీ పెట్టుకునే కూర్చున్నాడు, ముందర పెట్టిన ఆపిల్ కేకు ముట్టకుండా ఉంది. మూడింటిదాకా కూతురు రాదు. ఆమె తలుపు దగ్గర నిలబడి, లోపలికి వెళ్ళే ధైర్యం లేక, తిరిగి వచ్చేసింది. జీవితంలో అంత తెలివితక్కువ పని చేయలేదని తనను తాను తిట్టుకుంది. పొరపాటున ఇచ్చే మనిషి చేత పంతానికి ఇప్పించింది. పొరపాటైతే ఏనాటికైనా తెలిసి ఆగుతుంది. పంతం ఉన్నదంతా అయిపోయేదాకా ఆగదు. రస్ అయితే సంతోషించాడు. ఇక ఎవరికీ ఏ బాధా లేదు, ముసలాయన తన నోటితోనే నూరు అన్నాడుగా అన్నాడు. ఆమెకు వాడి చెంప పగలగొట్టాలనిపించింది. అంతకంటే ముందు తనది.

మళ్ళీ సోమవారం దాకా ఎమెట్ రాలేదు. వచ్చేసరికి, నెల్డా మిగతా వాళ్ళతో వరస మార్చుకుని ఆయన పక్కనే డీలరుగా నిలబడి ఉంది. ఆయన ఐదొందలు బల్ల గుడ్డ మీద పెట్టాడు. ఆమె వంద ఎర్ర బిళ్ళలు, ఇరవై చొప్పున ఐదు దొంతరలు, ఆయన ముందుకు నెట్టింది.

"నల్లవి నిండుకున్నాయి పెద్దాయనా. అన్నీ ఎర్రవే, ఏమనుకోకండి."

ఆయన చెయ్యి దొంతరల మీద ఆగింది. ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసుకున్నట్టు ఒక్కో దొంతరనూ తడిమాడు. నల్లవి లేకపోతే ఎవరు మాత్రం ఏం చేస్తారు అన్నాడు చివరికి. గొంతులో బరువు దిగిన చప్పుడు ఆమెకు స్పష్టంగా తెలిసింది. పాచికలు రాగానే ఏదో ఒక బిళ్ళ తీసి, ఎక్కడి నుంచి తీశానా అన్న బెదురు లేకుండా, మధ్యకు విసిరాడు. పిల్లలకి, జోడు నాలుగులు.

అలా రెండు వారాలు గడిచాయి. ఆయన వచ్చే వేళకు నెల్డా ఆ పక్కనే ఉండేది. గెలిచినప్పుడూ ఎర్రవే ఇచ్చేది. ఆమె లేనప్పుడు మిగతా ఇద్దరు డీలర్లూ అలాగే చేశారు, రస్ కూడా పళ్ళు నూరుకుంటూ చేశాడు. ఎమెట్ జేబులు బరువెక్కి ప్యాంటు జారుతోందని నవ్వేవాడు. ఆర్లీన్ జాబితా గురించి మళ్ళీ చెప్పడం మొదలుపెట్టాడు. నెల్డాకు రాత్రిపూట అన్నం సయించింది. అబద్ధం చిన్నదే అనుకుంది, మూడు మాటల అబద్ధం, ఎవరికీ నష్టం లేనిది.

కానీ బిళ్ళలకు కాళ్ళున్నాయి. రోజూ వంద ఎర్రవి ఒకే గాడిలోకి వెళ్ళిపోతుంటే బల్ల మీద ఎర్రవి తగ్గిపోయేవి. మళ్ళీ నింపడానికి లోపలి గది నుంచి పళ్ళెం రావాలి, కాపలావాడు వెంట రావాలి, కాగితం మీద ముగ్గురు సంతకం పెట్టాలి, ఆ కాసేపూ ఆట ఆగాలి. ఓర్విల్ చెడ్డవాడు కాదు, పనికి ఆటంకమంటే పడనివాడు. రెండో గురువారం మధ్యాహ్నం మూడోసారి పళ్ళెం తెప్పించాల్సి వచ్చేసరికి ఆయన ఓపిక నశించింది.

"నెల్డా, నీ ముందర నల్లవి రెండు దొంతరలు పేర్చి ఉన్నాయి. రెండు వారాలుగా చూస్తున్నాను, ఈయనకి ఎర్రవే తోడుతున్నావు. ఎందుకు?"

ఓర్విల్ జవాబు కోసం ఆగలేదు. అరవై ఎర్రవి వెనక్కి తీసుకుని మూడు నల్లవి ఇవ్వమన్నాడు.

"నల్లవి ఉన్నాయా?" అన్నాడు ఎమెట్. గొంతు మామూలుగానే ఉంది.

"ఉన్నాయి పెద్దాయనా."

"రోజూ ఉన్నాయా?"

"రోజూ ఉన్నాయి."

ఇక అయిపోయిందనుకుంది నెల్డా. మొదటిసారి ఆయన్ని బయటపెట్టింది నోరు తెరిచి. ఇప్పుడు నోరు మూసుకుని రెండు వారాలు జాలిపడినట్టు తేలింది. జాలిని ఆ మనిషి ఎలా పుచ్చుకుంటాడు? చేతులు వాటంతటవే పని చేశాయి. మూడు దొంతరలు ఇటు లాగింది, మూడు నల్లవి అటు పెట్టింది. ఆయన వాటిని తీసుకుని ఎడమ కొస వెతకలేదు. చేతికందిన చోట, ఎర్రవాటి మధ్య, దోపేశాడు. టోపీ సర్దుకున్నాడు. వెళ్ళిపోతాడనుకుని పక్కనున్నవాళ్ళు కాస్త జరిగి దారి ఇచ్చారు.

పాచికలు కొత్త చేతికి వచ్చే వంతు. ఎమెట్ గాడిలోంచి ఒక బిళ్ళ తీశాడు, విసరలేదు. చెయ్యి బల్ల మీదికి చాపి, రెండు వేళ్ళ మధ్య దాన్ని నిలబెట్టి పట్టుకున్నాడు.

"నెల్డా, ఇది ఏ రంగు?"

ఎదుటి కొసన బీరు తాగుతున్నతను కిసుక్కుమన్నాడు. పక్కనున్న ఆవిడ మోచేత్తో పొడిస్తే ఆపేశాడు. కర్ర రస్ చేతిలో ఉంది. పాచికలు పంపమని ఓర్విల్ సైగ చేశాడు. రస్ పంపలేదు.

"నలుపు" అంది నెల్డా.

ఆయన దాన్ని వెనక్కి పెట్టి ఇంకోటి తీశాడు. "ఇది?"

"నలుపే."

"ఇది?"

"ఎరుపు."

ఎమెట్ తల ఊపాడు. ఎరుపును పిడికిట్లో పెట్టుకుని, ఇంకో మాట అడగాలి అన్నాడు. ఆ సోమవారం జోడు నాలుగులు పడ్డాయి చూడు, అప్పుడు వేసిందేమిటి?

నెల్డా ఓర్విల్ వైపు చూసింది. నిజం చెబితే, నల్లదని తెలిసీ అప్పుడెందుకు పైకి చెప్పలేదు, పంచుకుని ఎందుకు తిన్నారు అన్న ప్రశ్న వెంటే వస్తుంది. ఇరవై మూడేళ్ళ ఉద్యోగం ఆ ప్రశ్న అంచున ఉంది. కానీ ఎదుటివాడు పదిమందిలో తన కళ్ళ సంగతి ఒప్పుకుని నిలబడ్డాక, తను మాత్రం చాటున దాక్కోవడం ఆమె వల్ల కాలేదు.

"అదీ నలుపే పెద్దాయనా."

"అంటే తలా పన్నెండున్నర కాదన్నమాట."

"రెండొందల యాభై."

"నీ వాటా ఏం చేశావు?"

"కారుకి టైర్లు వేయించాను."

"మంచివేనా?"

"మంచివే."

"సరే అయితే" అన్నాడు ఎమెట్. మొహం మీద నవ్వూ కాని, కోపమూ కాని ఒక ముడత కదిలింది. నేను ఒక రోజు వెయ్యి గెలిపించానని నాకు తెలియనే లేదు, ఎవరైనా చెప్పి ఉంటే ఆ రాత్రి హాయిగా నిద్రపోయేవాణ్ణి కదా అన్నాడు. తర్వాత పిడికిలి విప్పి ఎరుపును మధ్యకు విసిరాడు. పిల్లలకి, జోడు నాలుగులు.

ఓర్విల్ కుర్చీలో ముందుకు జరిగాడు, ఏదో అనబోయాడు, ఏం ఆలోచించుకున్నాడో మళ్ళీ వెనక్కి వాలాడు. పాచికలు వెళ్ళాయి. రెండో విసురుకే ఏడు పడింది. బిళ్ళ పోయింది. దాన్ని గురించి ఎవరూ బాధపడలేదు.

పాచికలు మళ్ళీ చెయ్యి మారాయి. ఈసారి ఎమెట్ అడగలేదు. అడగడం ఒకసారికి చాలనుకున్నాడో, అలవాటు చొప్పున చెయ్యే కదిలిందో, ఒక బిళ్ళ తీసి విసిరేశాడు. అది దొర్లి రస్ ముందు ఆగింది. నల్లది.

నెల్డా చూసింది. రస్ చూశాడు. చూస్తూ ఉండగా వాడి దవడ ఒకసారి బిగిసింది. ఈ పనిలోకి వచ్చిన రోజు నుంచీ వాడు ఒక్క టిప్పూ వద్దన్నవాడు కాదు. ఓర్విల్ కూడా వాడి వంకే చూస్తున్నాడు. రస్ కర్ర వంపుతో ఆ నల్ల బిళ్ళను మెల్లగా, పచ్చ గుడ్డ మీద అంతదూరమూ నెట్టుకుంటూ తీసుకువెళ్ళి ఎమెట్ వేళ్ళకు తగిలించాడు.

"ఇది నలుపు పెద్దాయనా. మీరు వేసేది ఎర్రది కదా."

"అవును, ఎర్రదే" అన్నాడు ఎమెట్.

నల్లదాన్ని గాడి కొసన విడిగా పెట్టి, ఇంకో బిళ్ళ తీసి పైకెత్తాడు. కాదు, పక్కది అన్నాడు రస్. ఆయన పక్కది తీశాడు. అంతసేపూ రస్ పాచికలను కర్ర కిందే ఆపి ఉంచాడు. బల్ల చుట్టూ ఉన్న తొమ్మిది మందీ, కుర్చీలో ఓర్విల్‌తో సహా, ఆయన బిళ్ళ కోసం ఆగారు.